ఎంఆర్‌ఎన్‌ఏ టీకా మా ఐఎల్‌ఆర్‌లో నిలవాలంటే ఏం మారాలి? (లిపిడ్ కణాల మీద చర్చ)

పాడేరు_ఫార్మసిస్ట్ | జూన్ 14, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక పీహెచ్‌సీలో ఫార్మసిస్ట్‌గా చేస్తున్నాను. టీకాల కోల్డ్ చెయిన్ కూడా నేనే చూసుకుంటాను. పొద్దునా సాయంత్రం ఐఎల్‌ఆర్‌లో, అంటే టీకాలు నిలవ పెట్టే ఫ్రిజ్‌లో, థర్మామీటర్ చూసి లాగ్‌బుక్‌లో రాయాలి. 2కీ 8కీ మధ్యలో ఉంటే ఆ రాత్రి నిశ్చింతగా పడుకుంటాను. గాలివానకి కరెంటు పోయిందంటే మాత్రం కునుకు పట్టదు.

2021లో ఫైజర్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకి మైనస్ 70 డిగ్రీలు కావాలని పేపర్లో చదివి, ఇది మా కొండల దాకా వచ్చేది కాదులే అని వదిలేశాను. మా డీప్ ఫ్రీజర్ మైనస్ 15 నుంచి మైనస్ 25 వరకే. అదీ ఐస్ ప్యాకులు గడ్డ కట్టించుకోడానికి. మొన్న జిల్లా శిక్షణలో మళ్లీ ఆ మాట వచ్చింది. ఆ చలి ఆర్‌ఎన్‌ఏ పాడవకుండా అని ఒకరు, కాదు, దాని చుట్టూ ఉండే కొవ్వు కణాలు చెదరకుండా అని ఇంకొకరు. భోజనాల వేళ దాకా వాదించుకున్నారు గానీ తేలలేదు.

ఇక్కడ ఆ పని చేసేవాళ్లు ఉన్నారని తెలుసు. అసలు ఆ కొవ్వు ఎందుకు? అది లేకుండా కుదరదా? ఎప్పటికైనా ఆ రకం టీకా మా ఐఎల్‌ఆర్‌లో ఉండి, నాలుగు ఐస్ ప్యాకుల క్యారియర్‌లో కొండెక్కగలదా? తొందరేం లేదు, వివరంగా చెప్పండి.


బ్యాచ్_రికార్డు | జూన్ 14, రాత్రి 11:40

అన్నా, హైదరాబాద్‌లో ఫార్ములేషన్ విభాగంలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. అందులో నాలుగేళ్లు లిపిడ్ నానోపార్టికల్స్ పనే. కంపెనీ లోపలి సంగతులు చెప్పలేను, బయట అచ్చయిన సైన్స్ మాత్రం చెప్తాను.

ముందు కొవ్వు ఎందుకన్నది. కరోనా స్పైక్ ప్రోటీన్ తయారుచేయించే ఎంఆర్‌ఎన్‌ఏలో 4 వేల పైచిలుకు అక్షరాలు ఉంటాయి. చాలా పొడవైన దారం. దారం పొడవునా రుణావేశమే. మన ఒంట్లో జీవకణం పైపొరేమో కొవ్వు పొర, దాని ఉపరితలం కూడా రుణావేశమే. ఒకదాన్నొకటి తోసేస్తాయి. దానికి తోడు ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములు మన రక్తంలో, చెమటలో, వేలికొసల మీద కూడా ఉంటాయి. ల్యాబులో మేం మాటిమాటికీ గ్లవ్స్ మార్చుకునేది అందుకే. ఉత్త ఎంఆర్‌ఎన్‌ఏని కండలోకి ఎక్కిస్తే అందులో చాలా భాగం కణం గడప తొక్కకముందే తునకలైపోతుంది.

అందుకని నాలుగు రకాల లిపిడ్లతో, అంటే కొవ్వులతో, నానోపార్టికల్ అనే సన్నటి కణం కడతాం. ఆర్‌ఎన్‌ఏని పట్టుకునే అయొనైజబుల్ లిపిడ్ సగం దాకా ఉంటుంది. కొలెస్టరాల్ దాదాపు 40 శాతం. డీఎస్‌పీసీ అనే ఫాస్ఫోలిపిడ్ 10 శాతం. ఇంకో ఒకటిన్నర శాతం పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) తగిలించిన లిపిడ్. ఫైజర్ వాళ్లదైనా మోడెర్నా వాళ్లదైనా చట్రం ఇదే. అయొనైజబుల్ లిపిడ్ మాత్రం ఎవరిది వారిదే: ఫైజర్‌ది ఏఎల్‌సీ-0315, మోడెర్నాది ఎస్‌ఎం-102. కణం సైజు సుమారు 80 నుంచి 100 నానోమీటర్లు.

చలి సంగతి రేపు రాస్తాను. అది ఒక్క ముక్కలో చెప్పేది కాదు.


ఎంఫార్మ్_రెండో_ఏడు | జూన్ 15, ఉదయం 7:05

సార్, మా సెమినార్‌లో లిపోసోమ్, లిపిడ్ నానోపార్టికల్ రెండూ ఒకటే అన్నట్టు చెప్పేశాను. ఎగ్జామినర్ ఏమీ అనలేదు. ఒకటేనా?


బ్యాచ్_రికార్డు | జూన్ 15, ఉదయం 8:20

కాదమ్మా. లిపోసోమ్ నీళ్లు నిండిన బుడగ. చుట్టూ రెండు వరుసల కొవ్వు పొర, మధ్యలో నీళ్లు, ఆ నీళ్లలో మందు. నానోపార్టికల్ మధ్యలో అలాంటి ఖాళీ ఉండదు. సున్నుండని తీసుకో. నెయ్యి పైన పూత పూసినట్టు ఉండదు, పిండిలో అంతటా కలిసిపోయి ఉండని పట్టి ఉంచుతుంది. ఇక్కడా అంతే, లోపలంతా అయొనైజబుల్ లిపిడ్, ఆర్‌ఎన్‌ఏ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పైన పలుచగా ఫాస్ఫోలిపిడ్, పెగ్.


రిటైర్డ్_మాస్టారు | జూన్ 15, ఉదయం 10:30

ముప్పై నాలుగేళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. ఈ అయొనైజబుల్ లిపిడ్ గురించి చదివిన రోజు, అది క్లాసులో చెప్పే అవకాశం లేకపోయిందే అని బాధపడ్డాను. ఇంత అందంగా ఆమ్లం, క్షారం పాఠం ఎక్కడ దొరుకుతుంది?

ఆ లిపిడ్ తలలో ఒక అమీన్ ఉంటుంది. నైట్రోజన్ మీద ఒక జత ఎలక్ట్రాన్లు ఖాళీగా ఉంటాయి కదా, చుట్టూ ఆమ్లం ఉంటే ఒక ప్రోటాన్‌ని అందుకుని ధనావేశం తెచ్చుకుంటుంది. ఆమ్లం పోతే దాన్ని వదిలేసి తటస్థం అయిపోతుంది. ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ వదలాలి అనే హద్దే పీకేఏ. టీకాల్లో వాడేవాటికి నానోపార్టికల్ మొత్తం మీద అది 6కీ 7కీ మధ్య ఉండేలా చూస్తారు.

ఇక కథ చూడండి. తయారీలో పీహెచ్ 4 దగ్గర, అంటే టమాటా రసం పులుపులో కలుపుతారు. అక్కడ లిపిడ్‌కి ధనావేశం, ఆర్‌ఎన్‌ఏకి రుణావేశం, రెండూ అతుక్కుంటాయి. తర్వాత పీహెచ్ 7.4కి తెస్తే లిపిడ్ తటస్థం. అప్పుడది ఒంట్లోకి వెళ్లినా కణాలని గాయపరచదు. మన కణం దాన్ని ఏదో కొవ్వు బిందువు అనుకుని ఒక సంచిలో వేసి లోపలికి లాక్కుంటుంది. ఆ సంచి పేరు ఎండోసోమ్. లోపలికి తెచ్చిన సరుకుని అరిగించుకోడానికి కణం ఆ సంచిలో ఆమ్లం నింపుతుంది. ఆమ్లం తగలగానే లిపిడ్‌కి మళ్లీ ధనావేశం వస్తుంది, సంచి గోడని పట్టుకుని చెదరగొడుతుంది, ఆర్‌ఎన్‌ఏ బయట పడుతుంది. కణం అరిగించుకోడానికి తెచ్చిన ఆమ్లమే తలుపు తీస్తోందన్నమాట!


బ్యాచ్_రికార్డు | జూన్ 15, ఉదయం 10:52

మాస్టారూ, నేను కొత్తవాళ్లకి గంటసేపు స్లయిడ్లు వేసి చెప్పేది ఇదే. ఒక్కటి కలుపుతాను. ఆ తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఇదే రకం కణాల్లో చిన్న ఆర్‌ఎన్‌ఏ పెట్టి చూసినప్పుడు, లోపలికి వెళ్లినదాంట్లో సంచి దాటి బయటపడింది ఒకటి రెండు శాతమేనని 2013లో తేలింది. మిగతాదంతా పనికి రాకుండానే పోయింది. దీన్ని పెంచగలిగితే డోసు తగ్గుతుంది, డోసు తగ్గితే జ్వరాలూ తగ్గుతాయి, ఖర్చూ తగ్గుతుంది. మా వృత్తిలో చాలామంది జీవితాలు ఈ ఒకటి రెండు శాతం చుట్టూనే తిరుగుతున్నాయి.


బర్నబీ_తెలుగు | జూన్ 15, మధ్యాహ్నం 1:15

నేను ఉండేది వాంకూవర్ పక్కన బర్నబీలో. ఈ కణాల చరిత్రలో సగం మా ఊరి చుట్టుపక్కలే జరిగింది కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గర బాబ్రహామ్‌లో అలెక్ బాంగమ్ అనే రక్తశాస్త్ర నిపుణుడు గుడ్డు సొన లెసిథిన్ లాంటి ఫాస్ఫోలిపిడ్లని నీళ్లలో కలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశాడు. వాటంతటవే పొరలు పొరలుగా బుడగలు కట్టాయి. లిపోసోమ్‌ల మొదలు అది. 1987లో అమెరికాలో ఫిలిప్ ఫెల్గ్నర్ బృందం ఎప్పుడూ ధనావేశంతోనే ఉండే లిపిడ్లతో డీఎన్‌ఏని కణాల్లోకి పంపింది, 1989లో అదే దారిలో ఎంఆర్‌ఎన్‌ఏనీ పంపారు. గాజు పళ్లెంలో బాగా పనిచేశాయి. ఒంట్లోకి ఎక్కిస్తే మాత్రం ఆ శాశ్వత ధనావేశం కణాలకి విషం, రక్తంలో ప్రోటీన్లన్నీ వచ్చి అంటుకుంటాయి.

ఆ చిక్కు విప్పినవాళ్లలో ముఖ్యుడు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలోని పీటర్ కల్లిస్. పీహెచ్‌ని బట్టి ఆవేశం మార్చుకునే లిపిడ్ల మీద ఆయనా ఆయన శిష్యులూ దశాబ్దాలు పనిచేశారు. ఫలితంగా 2018లో ఆన్‌పాట్రో అనే మందు వచ్చింది. టీకా కాదు అది, నరాలని దెబ్బతీసే ఒక వంశపారంపర్య జబ్బుకి లివర్‌లో జన్యువుని నోరు మూయించే చిన్న ఆర్‌ఎన్‌ఏ. లిపిడ్ నానోపార్టికల్‌లో ఆర్‌ఎన్‌ఏని మోసుకెళ్లి అనుమతి పొందిన మొదటి మందు. కోవిడ్ వచ్చేనాటికి బండి సిద్ధంగా ఉంది, సరుకు మార్చారు.

2022లో గైర్డ్‌నర్ పురస్కారం కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్, కల్లిస్ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. 2023 నోబెల్ మొదటి ఇద్దరికే వచ్చింది. ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు మార్చి ఒంటి రక్షణ వ్యవస్థని శాంతింపజేసిన వాళ్ల పని గొప్పదే, నేను కాదనను. కానీ మోసినవాడి పేరు లేకపోవడం నా మనసుకి ఇప్పటికీ లోటుగానే ఉంది.


నల్లకుంట_వాసి | జూన్ 15, రాత్రి 10:48

నాది సైన్స్ కాదు, అకౌంట్స్. లిపోసోమ్ అనే మాట చూసి ఆగిపోయాను.

2021 మే నెలలో మా అమ్మకి కోవిడ్ తగ్గిన పది రోజులకి బ్లాక్ ఫంగస్ వచ్చింది. చెంప వాచి, ముక్కు పక్కన నల్లబడింది. డాక్టర్లు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ బి రాశారు. రోజుకి ఐదారు వైల్స్. హైదరాబాద్‌లో ఎక్కడా లేదు. నేనూ మా బావా చెరో బండి మీద తిరిగాం. ఒక దుకాణంలో పాత రకం యాంఫోటెరిసిన్ ఉందన్నారు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే, ఆమెకి అప్పటికే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే అంకె) ఎక్కువగా ఉంది, అది వాడితే కిడ్నీలు ఆగవు అన్నారు. మందు ఒకటే, ఒకటి ప్రాణం పోస్తుంది, ఒకటి కిడ్నీ తీసుకుంటుంది, తేడా అంతా కొవ్వు బుడగలోనే ఉందని ఆ రాత్రి ఆయన ఫోన్‌లోనే చెప్పారు. మూడో రోజుకి దొరికింది. అమ్మ ఇప్పుడు నా పక్క గదిలో నిద్రపోతోంది.

ఈ బుడగలు చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు నా దండం.


బ్యాచ్_రికార్డు | జూన్ 15, రాత్రి 11:30

అన్నా, అప్పుడు మా పక్క విభాగంలో వాళ్లు మూడు షిఫ్టులు చేశారు. మీ మాట రేపు వాళ్లకి చదివి వినిపిస్తాను.


అడుగుతా_ఏమనుకోకండి | జూన్ 16, ఉదయం 9:10

అందరూ బాగుందంటున్నారు కాబట్టి నా అనుమానాలు అడగాలి. మా పిన్ని కొడుకు అమెరికాలో చదువుకుంటున్నాడు, 22 ఏళ్లు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకా రెండో డోసు వేసుకున్న మూడో రోజు ఛాతీ నొప్పి వచ్చింది. మయోకార్డైటిస్, అంటే గుండె కండరం వాపు అన్నారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు. ఆ రెండు రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

ఈ కొవ్వు కణాలు చేతికి వేసిన చోట ఉండిపోతాయా, ఒళ్లంతా తిరుగుతాయా? లివర్‌కి వెళ్తాయని చదివాను. పెగ్ అంటే అలర్జీ వస్తుందని చదివాను. దయచేసి దాచకుండా చెప్పండి.


బర్నబీ_తెలుగు | జూన్ 16, మధ్యాహ్నం 12:35

అడగడంలో తప్పేముందండీ. మీ తమ్ముడికి జరిగింది నిజమైన దుష్ఫలితమే. ఎక్కువగా కుర్రాళ్లలో, రెండో డోసు తర్వాత కొద్ది రోజుల్లో వస్తుందని చాలా దేశాలు గుర్తించాయి, టీకా పత్రంలోనూ చేర్చాయి. చాలామంది కోలుకున్నారు. అరుదు కదా అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. వచ్చిన ఇంటికి అది అరుదు కాదు.

కణాలు ఎక్కడికి వెళ్తాయంటే, కండలో వేస్తే ఎక్కువ భాగం అక్కడా, ఆ పక్క లింఫ్ గ్రంథుల్లోనూ ఆగుతుంది. మనకి కావాల్సిందీ అదే, రోగనిరోధక కణాలు ఉండేది అక్కడే. కొంత రక్తంలో కలిసి లివర్‌కి చేరుతుంది, మీరు చదివింది నిజమే. రక్తంలో అపోలిపోప్రోటీన్ ఈ అనే ప్రోటీన్ ఈ కణాలకి అంటుకుంటుంది. లివర్ వీటిని మామూలు కొవ్వు కణాలే అనుకుని లోపలికి తీసుకుంటుంది. ఆన్‌పాట్రో పనిచేసేది ఈ దారినే. ఎంఆర్‌ఎన్‌ఏ కొద్ది రోజుల్లో విరిగిపోతుంది, కణ కేంద్రకంలోకి వెళ్లదు. లిపిడ్ల విషయానికొస్తే, టీకాల్లో వాడినవాటికి ఎస్టర్ బంధాలు పెట్టారు, ఒంట్లో త్వరగా తెగిపోవాలని.

అలర్జీ గురించి: మొదటి నెలల్లో అమెరికా లెక్కల ప్రకారం అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన అలర్జీ 10 లక్షల డోసులకి 5 లోపే. అందుకే వేసిన తర్వాత కూర్చోబెట్టి గమనిస్తారు. కారణం పెగ్ కావచ్చని మొదట్లో అందరూ దానివైపే చూశారు, అన్ని కేసులూ దానితో కుదరలేదు. అయినా పెగ్‌కి బదులు వేరేవి వెతికే పని చాలాచోట్ల సాగుతోంది.


బ్యాచ్_రికార్డు | జూన్ 16, మధ్యాహ్నం 2:00

మరొకటి. ఈ కణాలు ఉత్త మోతబండ్లు కావు. అయొనైజబుల్ లిపిడ్ తనంతట తానే రోగనిరోధక వ్యవస్థని లేపుతుంది. టీకా బాగా పనిచేయడానికి అదొక కారణం, మర్నాటి జ్వరానికి, ఒళ్లు నొప్పులకి కూడా. లేపాలి, అతిగా లేపకూడదు. ఆ తూకమే కష్టం.


అడుగుతా_ఏమనుకోకండి | జూన్ 16, మధ్యాహ్నం 2:40

తప్పించుకోకుండా చెప్పినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. మా పిన్నికి చదివి వినిపిస్తాను.


పాడేరు_ఫార్మసిస్ట్ | జూన్ 16, రాత్రి 8:30

అన్నీ రెండేసి సార్లు చదివాను. తమ్ముడూ, చలి సంగతి చెప్తానన్నావు.


బ్యాచ్_రికార్డు | జూన్ 16, రాత్రి 11:55

మర్చిపోలేదన్నా, ఈరోజు బ్యాచ్ ఉండి ఆలస్యమైంది.

మీ శిక్షణలో వాదించుకున్న ఇద్దరిదీ సగం సగం నిజం. ఆర్‌ఎన్‌ఏకి నీళ్లే శత్రువు. నీళ్లలో ఉంటే నెమ్మదిగా దానంతటదే తెగుతుంది. 4 వేల అక్షరాల్లో ఒక్కచోట తెగినా ఆ దారంతో పూర్తి ప్రోటీన్ తయారు కాదు. చలి పెరిగేకొద్దీ ఆ తెగడం ఆగుతుంది. కణం వైపు నుంచి చూస్తే, ద్రవంలో ఎక్కువ కాలం ఉంటే కణాలు ఒకదానికొకటి తగిలి కలిసిపోయి సైజు పెరుగుతాయి. మూడోది 2021లో మోడెర్నా శాస్త్రవేత్తలే బయటపెట్టారు. అయొనైజబుల్ లిపిడ్‌లోని అమీన్ కొంచెం ఆక్సీకరణ చెంది ఆల్డిహైడ్లు ఇస్తుంది, అవి వెళ్లి ఆర్‌ఎన్‌ఏకి అంటుకుంటాయి. దారం తెగకపోయినా చదవడానికి పనికిరాదు. అంటే కాపాడాల్సిన కొవ్వే ఒక్కోసారి పాడుచేస్తుంది. అందుకే లిపిడ్ శుద్ధి విషయంలో మేం అంత పట్టుదలగా ఉంటాం.

మైనస్ 70 అన్నది శాశ్వతమైన అంకె కాదు. 2020 డిసెంబర్‌లో హడావుడిగా వచ్చినప్పుడు, ఎంత కాలం నిలుస్తుందో పరీక్షించి చూసే సమయం లేదు, చేతిలో ఉన్న ఆధారం అంతవరకే. ఫైజర్ టీకాకి మామూలు ఫ్రిజ్‌లో మొదట 5 రోజులే ఇచ్చారు. 2021 మేలో నెల రోజులు చేశారు. తర్వాత బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) మార్చి ట్రిస్ అనేది పెట్టాక 10 వారాలకి వెళ్లింది. మోడెర్నాది మైనస్ 20లో నిలవ ఉండి, ఫ్రిజ్‌లో 30 రోజులు ఆగేది.

10 వారాలంటే మీకు చాలదని తెలుసు. రాష్ట్రం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మీకు చేరేసరికే సగం అయిపోతుంది. అసలు దారి నీళ్లు తీసేయడమే, అంటే గడ్డ కట్టించి ఆరబెట్టే లైయోఫిలైజేషన్. పుణెలో జెన్నోవా వాళ్ల జెమ్‌కోవాక్-19కి 2022 జూన్‌లో మన దేశంలో అత్యవసర అనుమతి వచ్చింది. పొడి రూపం, 2 నుంచి 8 డిగ్రీలు. మీ ఐఎల్‌ఆర్ అంకే అన్నా అది. 2023లో వచ్చిన జెమ్‌కోవాక్-ఓఎం ఒమిక్రాన్ కోసం చేసింది, ఒంట్లో తన ప్రతులు తానే పెంచుకునే రకం ఆర్‌ఎన్‌ఏ. సూది లేకుండా ఒక పరికరంతో చర్మంలోకి కొడతారు.

అంటే మీ ప్రశ్నకి జవాబు 'ఎప్పటికైనా' కాదు, ఒకసారి జరిగింది కూడా.


సబ్‌సెంటర్_అక్క | జూన్ 17, ఉదయం 6:20

నేను వికారాబాద్ దిక్కు ఏఎన్‌ఎం. 2021ల డ్రోన్లతోని మందులు, టీకాలు పంపే ప్రయోగం మొదలైంది మా జిల్లాలనే. అప్పుడు అందరు డ్రోన్‌ని చూసిండ్రు, నేను డబ్బాల థర్మామీటర్‌ని చూసిన.

పొడి టీకా అంటే సంతోషమే గానీ ఒక మాట. తట్టు, రుబెల్లాకి ఇచ్చే ఎంఆర్, టీబీకి ఇచ్చే బీసీజీ రెండు పొడి టీకాలే మాకు. కలిపినంక 4 గంటలే. తర్వాత పారెయ్యాలె. పెంటా (ఐదు జబ్బులకి ఒకే టీకా), పోలియో అసుంటివి అయితే ఓపెన్ వైల్ రూల్ కింద తెరిచినంక 28 రోజులు వాడుకోవచ్చు. మా తండాల ఒక్కో రోజు ముగ్గురు పిల్లలే వస్తరు. ముగ్గురి కోసం పది డోసుల వైల్ తెరవాల్నా, వచ్చేవారం రమ్మనాల్నా? రమ్మంటే ఆ తల్లి కూలి పోతది, మళ్ల రాదు. నేనైతే తెరుస్త. మీటింగుల వేస్టేజ్ ఎందుకు ఎక్కువైందని అడుగుతరు. మంచిగ వేడి తట్టుకునే టీకా చేసి, పది డోసుల వైల్‌ల పెడితే మాకు బాధ తీరదు.

ఇంకోటి, గడ్డ కట్టిచ్చి ఆరబెడితే ఆ కొవ్వు ఉండలు ఒకదానికొకటి అంటుకుపోవా?


బ్యాచ్_రికార్డు | జూన్ 17, ఉదయం 8:05

అక్కా, మీరు చివర్లో అడిగినదే మా పెద్ద తలనొప్పి. గడ్డ కట్టేటప్పుడు మంచు స్ఫటికాలు కణాలని మూలకి నెట్టి నలిపేస్తాయి, కలిసిపోతాయి. అందుకని సుక్రోజ్ గానీ ట్రెహలోజ్ గానీ వేస్తాం. ముదురు పాకంలో వేసిన పల్లీలు పట్టీ గట్టిపడ్డాక ఎక్కడివక్కడ ఆగిపోతాయి కదా, అట్లా చక్కెర గాజులాగా గట్టిపడి కణాలని విడివిడిగా పట్టి ఉంచుతుంది. నీళ్లు కలపగానే చక్కెర కరిగి అవి మళ్లీ తేలాలి. చెప్పినంత సులువు కాదు. ఆరబెట్టక ముందు 85 నానోమీటర్లున్నది, నీళ్లు కలిపాక 140 వచ్చిన రోజులు నాకు తెలుసు. బ్యాచ్ మొత్తం పారేసి, ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేక బస్సు దిగి రెండు స్టాపులు నడిచాను.

ఇంకో దారి కూడా ఉంది. ఆర్‌ఎన్‌ఏని లోపల దాచకుండా, ధనావేశం ఉన్న సన్నటి నూనె బిందువుల పైన అంటించడం. అప్పుడు బిందువులని విడిగా, ఆర్‌ఎన్‌ఏని విడిగా తయారుచేసుకుని తర్వాత కలపొచ్చు.

డోసుల సంగతి మీరు చెప్పేదాకా నేను ఆలోచించలేదు. సిగ్గుపడుతున్నాను. మేం స్థిరత్వం, సైజు చూసుకుంటాం. వైల్‌లో ఎన్ని డోసులన్నది మా బల్ల దాకా అంకెగా వస్తుంది, ఎందుకో రాదు.


రిటైర్డ్_మాస్టారు | జూన్ 17, ఉదయం 11:10

అందరూ ఆర్‌ఎన్‌ఏ చుట్టూనే తిరుగుతున్నారు. పాడేరు అనగానే నాకు గుర్తొచ్చేది మలేరియా. అక్కడా ఈ కొవ్వు కణాలున్నాయి.

ఆర్‌టీఎస్,ఎస్ అనే మలేరియా టీకాని 2021 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అందులో ఆర్‌ఎన్‌ఏ లేదు, ప్రోటీన్ ఉంది. దాన్ని బలపరిచే ఏఎస్01 అనే సహాయకం మాత్రం లిపోసోమే. అందులో క్యూఎస్-21 అనే పదార్థం ఉంటుంది. చిలీ దేశపు ఒక చెట్టు బెరడు నుంచి తీస్తారు. అది సాపోనిన్, అంటే మన కుంకుడుకాయలో నురగ ఇచ్చే పదార్థం ఏ జాతిదో అదే జాతి! కుంకుడు రసం కంట్లో పడితే మండుతుంది కదా. క్యూఎస్-21ని ఒంటరిగా ఎక్కిస్తే ఎర్ర రక్తకణాల పొరలో కొలెస్టరాల్‌ని పట్టుకుని చిల్లులు పెడుతుంది. లిపోసోమ్ పొరలో ముందే కొలెస్టరాల్ పెట్టి ఇస్తే దాన్ని పట్టుకుని కుదురుగా ఉంటుంది. రక్తకణాల జోలికి పోదు, రోగనిరోధక శక్తిని మాత్రం లేపుతుంది. మందుగా మార్చడం అంటే ఇదీ.

ఆ టీకా ప్రోటీన్ తయారీని జీఎస్‌కే సంస్థ మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కి అప్పగిస్తోంది. 2023లో సిఫారసు అయిన ఆర్21 టీకాని పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ చేస్తోంది. దానిలోని మ్యాట్రిక్స్-ఎం అనే సహాయకం కూడా సాపోనిన్, కొలెస్టరాల్, ఫాస్ఫోలిపిడ్ కలిసిన కణాలే.


పాడేరు_ఫార్మసిస్ట్ | జూన్ 17, రాత్రి 9:00

మాస్టారూ, మా దగ్గర వానలు పడ్డాయంటే పీహెచ్‌సీ వరండా అంతా మలేరియా జ్వరాలే. మరి ఆ టీకాలు మాకెందుకు రావడం లేదు?


రిటైర్డ్_మాస్టారు | జూన్ 17, రాత్రి 9:35

నాయనా, ఆ రెండూ ఫాల్సిపారమ్ అనే మలేరియా క్రిమి మీదే పనిచేస్తాయి, ఇంకో రకమైన వైవాక్స్ మీద కాదు. ఆఫ్రికాలో ఐదేళ్ల లోపు పిల్లలు చనిపోతున్నదాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మన షెడ్యూల్‌లో లేవు. హైదరాబాద్‌లో, పుణెలో తయారై ఆఫ్రికా పిల్లల ప్రాణం కాపాడితే నాకు గర్వమే. మీ వరండా ఖాళీ అయితే ఇంకా సంతోషిస్తాను.


ఎంఫార్మ్_రెండో_ఏడు | జూన్ 18, ఉదయం 7:40

సార్, నేను ప్రాజెక్ట్‌కి ఈ టాపిక్ తీసుకుందామనుకుంటున్నాను. మన హైదరాబాద్‌లో లిపిడ్ల మీద పని ఎక్కడ జరిగింది? అన్నీ వాంకూవర్, బోస్టన్ పేర్లే కనిపిస్తున్నాయి.


బ్యాచ్_రికార్డు | జూన్ 18, ఉదయం 9:15

తార్నాకలోనే అమ్మా! ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో అరవింద చౌధురి గారి బృందం ఏళ్ల తరబడి కొత్త కేటయానిక్ (ధనావేశం ఉన్న) లిపిడ్లు తయారుచేసింది. రోగనిరోధక వ్యవస్థకి శత్రువుని చూపించే డెండ్రిటిక్ కణాల మీద మానోజ్ అనే చక్కెరని పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. మానోజ్‌లా కనిపించే షికిమిక్ ఆమ్లం తలని లిపిడ్‌కి తగిలించి, డీఎన్‌ఏ టీకాని నేరుగా ఆ కణాలకే చేర్చాలని చూశారు. ఎలుకల్లో మెలనోమా మీద ప్రయోగాలు చేశారు. ఆ పేపర్లు తప్పక చదువు. అక్కడికి దగ్గర్లోనే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ. 2022 మేలో వాళ్ల ఇంక్యుబేషన్ సెంటర్ సొంత ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పద్ధతిని ఎలుకల్లో పరీక్షించి ప్రకటించింది. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ, దక్షిణాఫ్రికా హబ్ నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ టెక్నాలజీ అందుకోడానికి హైదరాబాద్ బయొలాజికల్ ఇ ని ఎంపిక చేసింది.

మన సొంత లిపిడ్ ఎందుకు ముఖ్యమంటే, మంచి అయొనైజబుల్ లిపిడ్లు చాలావరకు పేటెంట్ల కింద ఉన్నాయి. ఆర్‌ఎన్‌ఏ వారంలో రాయొచ్చు. లిపిడ్ అలా దొరకదు. రేపు ఇంకో మహమ్మారి వస్తే లిపిడ్ కోసం ఎవరి గుమ్మం ముందో నిలబడకూడదు. నాకున్న పట్టుదల అదొక్కటే.


బర్నబీ_తెలుగు | జూన్ 18, మధ్యాహ్నం 12:50

చెల్లెమ్మా, ఇంకో వైపు కూడా చూడు. 2023లో ఎంఐటీ వాళ్లు లిపిడ్ కణాల్లోని ఎంఆర్‌ఎన్‌ఏని సన్నటి సూదుల పట్టీలుగా అచ్చుపోసి, గది వేడిలో ఆరు నెలలు నిలబెట్టారు. చర్మానికి అతికిస్తే సూదులు కరిగిపోతాయి. ముక్కు ద్వారా, ఊపిరితిత్తుల ద్వారా ఇచ్చే పని కూడా సాగుతోంది గానీ నెబ్యులైజర్ ఒరిపిడికి కణాలు పగిలిపోతాయి, జిగురు పొర దాటనివ్వదు. అది ఇంకా దూరం.


బ్యాచ్_రికార్డు | జూన్ 18, రాత్రి 10:20

పాడేరు అన్నా, సబ్‌సెంటర్ అక్కా, నా వైపు నుంచి ఒక విన్నపం. వచ్చే నెల మా దగ్గర కొత్త ఫార్ములేషన్‌కి ఏమేం ఉండాలో రాసుకునే మీటింగ్ ఉంది. నేను ఒక పేజీ ఇవ్వగలను. మీరైతే అందులో ఏం రాస్తారు?


సబ్‌సెంటర్_అక్క | జూన్ 19, ఉదయం 5:50

ఐదు డోసుల వైల్, అంతకన్న ఎక్కువ వద్దు. కలిపినంక ఒక పూట అంతా ఆగాలె. వీవీఎం, అంటే వేడి తగిలితే రంగు మారే గుర్తు, వైల్ మీద కనబడేటట్టు ఉండాలె, మూత మీద పెడితే తీసినంక పోతది. డైల్యూయెంట్ (పొడిల కలిపే ద్రవం), పొడి ఒకే లెక్కల రావాలె, ఒకటి వచ్చి ఇంకొకటి రాకుంటే మేము తల్లుల ముందర నిలబడలేం. లేబుల్ మీద తేదీ పెద్దగ రాయిండ్రి. నాకిప్పుడు అద్దాలొచ్చినయ్.


పాడేరు_ఫార్మసిస్ట్ | జూన్ 19, ఉదయం 6:35

నావి రెండే. ఒకటి, డోసుకి ఐఎల్‌ఆర్‌లో ఎంత జాగా పడుతుందో చూడండి. పెద్ద పెట్టెల్లో వస్తే పెంటా ఎక్కడ పెట్టను? రెండోది ఎవరూ పట్టించుకోరు. మాకు వేడి కన్నా చలి భయం ఎక్కువ. ఐఎల్‌ఆర్ అడుగున పెడితే, గడ్డ కట్టిన ఐస్ ప్యాకుని నేరుగా తగలనిస్తే, హెపటైటిస్ బి, పెంటా గడ్డకట్టి పాడవుతాయి. ఊపి చూసి పారేయాల్సి వస్తుంది. మీ టీకా పొరపాటున ఒక రాత్రి సున్నా కిందకి పోతే ఏమవుతుంది?


బ్యాచ్_రికార్డు | జూన్ 19, ఉదయం 8:00

ద్రవ రూపంలో ఉంటే అలా నెమ్మదిగా గడ్డకట్టడం కణాలకి మంచిది కాదన్నా, సైజు పెరిగే ప్రమాదం ఉంది. పొడికి ఏమీ కాదు, డైల్యూయెంట్‌ని మాత్రం గడ్డ కట్టనివ్వకూడదు. ఒక రాత్రి మైనస్ 5లో ఉంచి తీసి చూసే పరీక్షని మా ప్రణాళికలో నేనే రాస్తాను. మీ ఐఎల్‌ఆర్ ఒక నెలలో ఎన్నిసార్లు 2 కిందకి, ఎన్నిసార్లు 8 పైకి వెళ్తుందో అసలైన లెక్క ఉంటే నా పేజీకి బలం వస్తుంది.


పాడేరు_ఫార్మసిస్ట్ | జూన్ 19, రాత్రి 9:45

లాగ్‌బుక్ మూడు నెలలది ఉంది. మెడికల్ ఆఫీసర్ గారిని అడిగాను, ఊరి పేరు లేకుండా అంకెలు మాత్రం ఇవ్వొచ్చన్నారు. ఏప్రిల్‌లో గాలివాన వచ్చిన రెండు రాత్రులు గుండ్రం చుట్టి పెట్టాను, అవి చూడు. రేపు మాకు సెషన్ ఉంది. ఆరింటికల్లా ఐస్ ప్యాకులు బయట పెట్టి, చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాక క్యారియర్ కడతాను. అవతలి కొండ మీద రెండు ఊళ్లున్నాయి, నడకే. సాయంత్రం వచ్చాక టైప్ చేసి పంపిస్తాను.